సెకండ్‌హ్యాండ్ భవిష్యత్తు

మా ఇంటి గరాజు రెండు కార్ల కోసం కట్టింది. అందులో ఒక్క కారు కూడా పట్టదు.

పిండిముద్ద వేస్తే పుల్కా ఇస్తానని నమ్మించి, నాలుగు నెలల పాటు మా చేత అప్పడాలు తినిపించిన యంత్రం ఒక మూల. వాతావరణం కనిపెట్టి మొక్కలకు నీళ్ళు పెడుతుందని తెస్తే, సరిగ్గా వాన కురిసే రోజున మాత్రమే పెట్టిన కొళాయి పెట్టె ఇంకో మూల. ఎండకే ఇడ్లీలు ఉడుకుతాయన్న సౌర పొయ్యి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అందులో పొద్దున పెట్టిన ఇడ్లీలు సాయంత్రానికి గోరువెచ్చని పిండిగా బయటికొచ్చాయి. ఇవన్నీ నేను కొన్నవే. కొన్న రోజున ప్రతిదీ భవిష్యత్తే. మా ఆవిడ ఆ గరాజుని 'భవిష్యత్తుల గోదాము' అంటుంది. ఆవిడది ఆడిటింగ్ ఉద్యోగం. ఆఫీసులో జీతానికి చేస్తుంది, ఇంట్లో ఊరికే చేస్తుంది.

అలాంటి నాకు 2025 వేసవిలో ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. మేముండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. ప్రకటన మా పక్క ఊరిదే. 2021 మోడల్ టొయోటా మిరాయ్, తిరిగింది 31 వేల మైళ్ళు, ధర 12,900 డాలర్లు. కొత్తలో దాని ధర దగ్గర దగ్గర 50 వేలు. హైడ్రోజన్‌తో నడిచే కారు. పైగా జపాను భాషలో మిరాయ్ అంటే భవిష్యత్తని అర్థం. నాలుగేళ్ళ టొయోటా నాలుగో వంతు ధరకి వస్తోందంటే బుద్ధున్నవాడికి బండి మీద అనుమానం రావాలి. నాకు లోకం మీద జాలి కలిగింది. ఇంత మంచి బేరాన్ని ఇంకా ఎవరూ ఎగరేసుకుపోలేదంటే, ఎంత అమాయకులు వీళ్ళు, అని.

పొద్దున్నే మా ఆవిడ కాఫీ కలుపుతుండగా విషయం కదిపాను. మా ఇంట్లో ఇలాంటివి కదపడానికి కాఫీకి ముందు, కాఫీ తర్వాత అని రెండు ముహూర్తాలున్నాయి. నేనెప్పుడూ మధ్యలో దూరతాను.

"బ్యాటరీ కారా?" అంది.

"కాదు. కరెంటు బండే, కానీ కరెంటు బయట నుంచి ఎక్కించుకోదు. తనే వండుకుంటుంది."

"అయితే మీకన్నా నయం."

ఆ మాట పట్టించుకోకుండా, ఫ్యుయెల్ సెల్ ఎలా పనిచేస్తుందో చెప్పాను. రాత్రి రెండింటి దాకా మేలుకుని నేర్చుకున్నది చెప్పకపోతే అజీర్తి చేస్తుంది. "ఒక పక్క నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఇంకో పక్క నుంచి గాల్లో ఉండే ఆక్సిజన్. మధ్యలో పల్చటి పొర. ఆ పొరని తిరుమల మహాద్వారం అనుకో. దాని మీది ప్లాటినం పూత దగ్గర హైడ్రోజన్ రెండుగా విడిపోతుంది, ప్రోటాను, ఎలక్ట్రాను. ప్రోటానుకి వి.ఐ.పి. బ్రేక్ దర్శనం, తిన్నగా లోపలికి. ఎలక్ట్రానుకి సర్వదర్శనం, కంపార్టుమెంట్లన్నీ చుట్టి రావాలి. ఆ చుట్టి రావడమే కరెంటు. దాంతోనే మోటారు తిరుగుతుంది. ఆఖరికి ఇద్దరూ లోపల ఆక్సిజన్ సన్నిధిలో కలుస్తారు. అప్పుడు తీర్థం ఇస్తారు."

"తీర్థమా?"

"నీళ్ళు. ఈ బండి పొగ వదలదు, నీళ్ళు వదులుతుంది."

"ఎవరు కనిపెట్టారు?"

ఆవిడ ఆసక్తి చూపించిందని పొంగిపోయాను. "విలియం గ్రోవ్ అని వేల్స్‌లో పుట్టినాయన. 1839లోనే మొదలుపెట్టాడు. వృత్తికి లాయరు. తర్వాత జడ్జీ కూడా అయ్యాడు."

"అదీ సంగతి. లాయరు కనిపెట్టాడు కాబట్టే ఇన్నాళ్ళూ వాయిదాలు పడుతోంది."

నేను వదల్లేదు. అపోలో నౌకల్లో చంద్రుడి దాకా వెళ్ళినవాళ్ళకి కరెంటిచ్చిందీ, తాగడానికి నీళ్ళిచ్చిందీ ఈ ఫ్యుయెల్ సెల్లే అని చెప్పాను. ఆవిడ కప్పు పట్టుకుని లేస్తూ, "వాళ్ళకి దారిలో బంకు అక్కర్లేదు. మీకు కావాలి కదా?" అంది.

బంకు. ఆ ఒక్క మాటా నా పద్నాలుగు వరసల ఎక్సెల్ షీటులో లేదు. అందులో నిశ్శబ్దానికి మార్కులున్నాయి, కాలుష్యానికి మార్కులున్నాయి, 'మిత్రులలో గౌరవం' అనే వరసకి కూడా పదికి ఎనిమిది వేసుకున్నాను. బండి ఇంధనం ఎక్కడ తాగుతుందో రాసుకోలేదు. ఇన్నేళ్ళూ పెట్రోలు కార్లు నడిపినవాడికి బంకు అనేది చెట్టూ పుట్టా లాంటిది, దేవుడు పెట్టాడు, ఉంటుంది.

వెతికితే తేలిందేమిటంటే, కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తానికి కార్లకు హైడ్రోజన్ పోసే బంకులు యాభై పైచిలుకు. రాష్ట్రం సరిహద్దు దాటితే లేనట్టే లెక్క. 2004లో గవర్నరుగా ఉన్న ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ రాష్ట్రమంతా హైడ్రోజన్ హైవే వేయిస్తానని, 2010 కల్లా బంకుల వరస ఏర్పడుతుందని ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. సినిమాలో తిరిగొస్తానని చెప్పి నిజంగానే తిరిగొచ్చిన మనిషి కదా అని జనం నమ్మారు. బంకులు మాత్రం విసిరేసినట్టు అక్కడొకటి, ఇక్కడొకటి వచ్చాయి. వచ్చినవైనా ఉన్నాయా? 2024 ఫిబ్రవరిలో షెల్ కంపెనీ ఇక్కడ కార్ల కోసం నడుపుతున్న ఏడు బంకులనీ శాశ్వతంగా మూసేసింది. అంతకుముందు 2019 జూన్ 1న, మాకు కూతవేటు దూరంలో ఉన్న సాంతాక్లారాలో, లారీలకి హైడ్రోజన్ నింపే చోట పేలుడు జరిగింది. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ ఈ చుట్టుపక్కల చాలా బంకులకి సరుకు అక్కడి నుంచే రావాలి. ఆ వేసవంతా ఇక్కడి హైడ్రోజన్ కార్లు ఇంటి ముందు బొమ్మల కొలువులా నిలబడ్డాయట.

ఇదంతా చదివి కూడా నేను వెనక్కి తగ్గలేదని సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను. నా షీటులో పదిహేనో వరస చేర్చి, 'బంకుల లభ్యత: మెరుగుపడవచ్చు' అని రాసి, పదికి ఆరు వేశాను.

మా ఆవిడ ఆ షీటు తెరిచి ఒక్క వరస రాసింది. హైడ్రోజన్ కేజీ 36 డాలర్లు. నాలుగైదేళ్ళ కిందట అది పదమూడు, పదహారు మధ్య ఉండేది. మిరాయ్‌లో 5.6 కేజీలు పడుతుంది. కంపెనీ వాళ్ళ లెక్కకి ఆ నిండు ట్యాంకు మీద 402 మైళ్ళు పోవాలి. అంటే ట్యాంకు నింపితే 200 డాలర్లు, మైలుకి అర డాలరు. మా పాత కొరోలా మైలుకి పద్నాలుగు సెంట్లు తాగుతుంది. ఏడాదికి పన్నెండు వేల మైళ్ళు తిరిగితే అక్కడ ఆరు వేలు, ఇక్కడ పదహారు వందల చిల్లర. "మూడేళ్ళలో ఈ తేడాతో ఇంకో ఇలాంటి కారు కొనొచ్చు," అంది. "అప్పుడు రెంటికీ పోయించాలి," అని తనే మళ్ళీ నవ్వింది.

"కొత్తది కొన్నవాళ్ళకి కంపెనీ 15 వేల డాలర్ల ఇంధనం కార్డు ఇచ్చింది," అన్నాను.

"మీరు కొనేది కొత్తది కాదుగా. ఆ కార్డు మొదటాయన గీకేసుంటాడు. అయినా 36 చొప్పున 15 వేలకి ఎంతొస్తుంది? నాలుగు వందల కేజీల చిల్లర. ముప్ఫై వేల మైళ్ళకి సరి."

"కార్‌పూల్ వరసలో స్టిక్కరుంటే ఒక్కణ్ణే పోవచ్చు."

"సెప్టెంబర్ 30 దాకా. ఆ రోజుతో ఆ స్టిక్కర్లన్నీ చెల్లవు."

ఆవిడకిదంతా ఎలా తెలుసని అడక్కండి. నేను రాత్రి రెండింటి దాకా చదివిందాన్ని ఆవిడ లంచి టైములో చదువుతుంది.

ఇక్కడితో కథ అయిపోవలసింది. అవకపోవడానికి కారణం మా ఆఫీసులో పక్క సీటు మిత్రుడు. నెల్లూరు వాడు, మంచి మాటకారి. అతనికి అచ్చం అలాంటి మిరాయే ఉంది. పది రోజులు ఇండియా వెళ్తున్నాడు. నా మనసులో మాట తెలుసుకుని, "ఎందుకు ఆలోచిస్తావ్? ఈ పది రోజులూ నా బండి వాడి చూడు. ఫుల్ ట్యాంకుతో ఇస్తాను, ఫుల్ ట్యాంకుతో ఇవ్వు," అని తాళం చేతిలో పెట్టాడు. ఈ కాలంలో తాళం ఎవరిస్తారండీ! కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా ఆ మర్నాడే అమ్మా నాన్నా అనకాపల్లి నుంచి దిగుతున్నారు.

నాన్న అనకాపల్లి ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకి లోకంలో బళ్ళు రెండే రకాలు. కె.ఎం.పి.ఎల్. వచ్చేవి, రానివి. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అనేది డిపోలో ఆయనకి గాయత్రి. ఐదున్నర దాటించిన డ్రైవరు ఇంటికొస్తే అమ్మ చేత రెండో కాఫీ ఇప్పించేవాడు. అటువంటి మనిషిని భవిష్యత్తులో ఎక్కించి తీసుకురావాలని శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి ఒక్కణ్ణే వెళ్ళాను. కొరోలా కూడా తేనా అని మా ఆవిడ అడిగితే, అక్కర్లేదన్నాను.

మనిషికి రెండు చొప్పున నాలుగు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కేజీలు. మిరాయ్ డిక్కీ పది ఘనపుటడుగులకి లోపే. బయటికి చూస్తే పెళ్ళికొడుకు కారంత పొడుగుంటుంది, లోపల చోటంతా హైడ్రోజన్ ట్యాంకులే తినేశాయి. డిక్కీలో ఒకటి పట్టింది. ఒకటి నాన్న ఒళ్ళో. మిగతా రెండూ వెనక సీట్లో, వాటి మధ్య అమ్మ ఊరగాయ జాడీలో మామిడిముక్కలా ఇమిడింది. ఇంటి దాకా ముప్ఫై మైళ్ళూ ఆవిడ ఒక్కటే ప్రశ్న అడిగింది, తన సీటు కింద ఏముందని. ట్యాంకు అని చెప్పాను. 700 బార్ల ఒత్తిడి అని చెప్పలేదు. మామూలు గాలికి ఏడువందల రెట్ల ఒత్తిడి మీద కూచున్నానని తెలిస్తే, వంటింట్లో గ్యాసుబండ ఉంటే పక్క గదిలో కూడా పడుకోని మా అమ్మ, హైవే మీదే దిగిపోయుండేది. నిజానికి కార్బన్ ఫైబరు చుట్టిన ట్యాంకులవి, చాలా గట్టివి. నిజాన్ని ఎంతవరకు చెప్పాలో విమానం దిగిన వాళ్ళ మొహం చూసి నిర్ణయించుకోవాలి.

నాన్న మాత్రం ఒళ్ళో సూట్‌కేసు మీదుగా డాష్‌బోర్డు వంక చూస్తూ, "కె.ఎం.పి.ఎల్. ఎంతరా?" అన్నాడు.

"లీటర్లు కాదు నాన్నా, కేజీలు. కేజీకి నూట పదిహేను కిలోమీటర్లు."

సూట్‌కేసు మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. "నూట పదిహేనే!" జీవితంలో నా గురించి ఎప్పుడూ పడనంత గర్వం ఆ మొహంలో కనిపించింది. ఆ గర్వం కేజీ ధర అడిగేదాకా నిలిచింది. మూడు వేల రూపాయల పైన అని చెప్పాక, బెల్లం మార్కెట్టు ఉన్న ఊరి మనిషి కదా, మనసులో ఏదో తూకం వేసుకుంటూ ఇంటి దాకా మాట్లాడలేదు.

ఇల్లు చేరాక ఆయనకి నచ్చింది ఒక మీట. నొక్కితే ఫ్యుయెల్ సెల్‌లో చేరిన నీళ్ళు బండి కింది గొట్టంలోంచి సర్రున బయటికొచ్చేస్తాయి. గరాజు తడవకుండా ముందే వదిలించడానికట. అమ్మ అది చూసి, "బుద్ధిమంతురాలు, బయట పని కానిచ్చుకునే లోపలికొస్తోంది," అంది. మొదటి సాయంత్రమే నాన్న దాన్ని పదకొండు సార్లు నొక్కించాడు. తర్వాత మా ఆవిడ ప్రాణంగా పెంచుకుంటున్న కరివేపాకు కుండీ తెచ్చి గొట్టం కింద పెట్టాడు.

"ఇన్ని నీళ్ళెక్కడివిరా?"

"కేజీ హైడ్రోజన్‌కి తొమ్మిది కేజీల నీళ్ళు పుడతాయి నాన్నా. చాలావరకు ఆవిరై దారిలోనే పోతుంది."

"మన ఊళ్ళో పది కేజీల చెరుకాడితే కేజీ బెల్లం వస్తాది. ఇక్కడ మూడు వేలెట్టి కేజీ సరుకు కొంటే తొమ్మిది కేజీల నీళ్ళొస్తన్నాయి. ఇదెక్కడి యాపారంరా?"

నేను పూడిమడక పేరెత్తాను. మా డిపో బస్సులు తిరిగే ఊరే. 2025 జనవరి 8న ప్రధాని అక్కడి ఎన్.టి.పి.సి. వారి గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. మన ఊరి పక్కనే రోజుకి 1,500 టన్నులు తయారవుతుందట, మనం వాడకపోతే ఎలా అన్నాను. నాన్న ఆ వార్త పేపర్లో నాకన్నా శ్రద్ధగా చదివాడు. "అది ఎరువులకీ ఓడల్లో పంపడానికీరా. నీ కారుకని ఎవరన్నారు?" అన్నాడు. ఢిల్లీలో 2022లో గడ్కరీ గారు ఇదే మిరాయ్‌లో పార్లమెంటుకి వెళ్ళారు కదా అంటే, "ఆయనకి బంకు గవర్నమెంటు చూసుకుంటాది," అన్నాడు. మళ్ళీ బంకే.

నాలుగో రోజుకి ట్యాంకు పావుకి దిగింది. సాయంత్రం నాన్ననీ, ఫ్లాస్కులో కాఫీనీ తీసుకుని దగ్గర్లో ఉన్న బంకుకి బయల్దేరాను. ఫోన్లో చూస్తే పనిచేస్తోందని ఆకుపచ్చ చుక్క ఉంది. వెళ్ళి చూస్తే రెండు గొట్టాల్లో ఒకదానికి పసుపు రిబ్బను చుట్టి ఉంది. రెండోదాని ముందు ఏడు కార్లు.

కారు నింపడానికి ఐదు నిమిషాలే పడుతుంది, అది అబద్ధం కాదు. కానీ ఒక కారు నిండాక యంత్రం మళ్ళీ ఒత్తిడి కూడగట్టుకోవాలి, చల్లబడాలి. వరసగా నాలుగు కార్లు వస్తే ఐదోదాని దగ్గర ఆయాసపడుతుంది. గంటా ఇరవై నిమిషాలు నిలబడ్డాం. నాన్న కిందికి దిగి క్యూ అంతా పలకరించి వచ్చాడు. డిపోలో డీజిలు లైను గుర్తొచ్చి ఆయన వయసు పదేళ్ళు తగ్గింది. ముందున్నాయన ఆఫీసు కాల్ అంతా ఆ క్యూలోనే ముగించాడు. ఆ వెనకావిడ పిల్లల హోంవర్కు చేయిస్తోంది. ఒకరి ఫోనులో ఒకరు ఏ బంకు పనిచేస్తోందో చూసుకుంటున్నారు. అంత ఐకమత్యం నేను పెళ్ళి భోజనాల దగ్గర కూడా చూడలేదు.

మా వంతు వచ్చింది. గొట్టం బిగించాను. మూడు కేజీల వంద గ్రాములు పోశాక యంత్రం ఇక చాలన్నట్టు ఆగిపోయింది, ట్యాంకు నిండలేదు. సరే అని గొట్టం లాగితే రాదు. హైడ్రోజన్‌ని మైనస్ 40 డిగ్రీలకి చల్లబరిచి పోస్తారు, గాల్లో తేమ అంతా ఆ మూతి చుట్టూ గడ్డకట్టి గొట్టం బండికి అతుక్కుపోయింది. సెల్సియస్సా, ఫారెన్‌హీటా అని నాన్న అడిగాడు. మైనస్ 40 దగ్గర రెండూ ఒకటే. మా ఇద్దరికీ ఒకే లెక్క కుదిరింది ఈ జన్మలో అక్కడొక్కచోటే. నాన్న అలవాటుగా ఫ్లాస్కు మూత తీశాడు, వేడి కాఫీ పోద్దామని. క్యూలో నలుగురు ఒక్కసారే "నో, సర్!" అని అరిచారు. గొట్టాన్ని చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, అది మనసు కరిగి వదిలేదాకా నిలుచున్నాను. వెనక ఆరు కార్లవాళ్ళు నన్నే చూస్తున్నారు. 'మిత్రులలో గౌరవం' వరస గుర్తొచ్చింది.

111 డాలర్ల 60 సెంట్లు.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఇంధనం పోసే మూత తెరిచి లోపల అంటించిన కాగితం చదివింది. ట్యాంకుల తేదీ అది. చేసిన నాటి నుంచి 15 ఏళ్ళు, ఆ తర్వాత వాటిలో ఇంధనం పోయరు. "ఎక్స్‌పైరీ డేటున్న కారండీ! పచ్చడి సీసాకైతే తిప్పి చూసుకుంటారు," అంది. కొరోలాకి అలాంటి కాగితం లేదు. దానికి చావు రాసిపెట్టలేదు, అందుకే చావదు.

అమ్మకి మాలిబు వెంకటేశ్వరస్వామిని చూడాలని మొక్కు. గుడి లాస్ ఏంజెలెస్ దగ్గర, కలబాసస్ కొండల్లో ఉంది. మా ఇంటి నుంచి మూడు వందల నలభై మైళ్ళు. కాగితం మీద 402 పోతుంది కనుక మిరాయ్‌లోనే పోదామన్నాను. ట్యాంకు మాత్రం నిండలేదు. దారిలో ఐదో నంబరు హైవే మీద, కోలింగా దగ్గర, ఆవుల మందల మధ్య ఒకే ఒక్క హైడ్రోజన్ బంకు ఉంది. అది ఆ రోజు పనిచేయకపోతే స్వామిని అక్కడి నుంచే తలుచుకోవాలి. "స్పేర్ బండి ఉందా?" అన్నాడు నాన్న. ఉంది, కొరోలా. "స్పేరుతో పోయేటప్పుడు ఇదెందుకురా?" కొరోలాలోనే వెళ్ళాం, వచ్చాం. దారిలో కోలింగా దగ్గర నేను కిటికీలోంచి ఆ బంకు వైపు తొంగిచూశానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఆ ప్రయాణంలోనే నాన్న అడిగిన ప్రశ్న ఒకటుంది. చాలా మామూలుగా, వేరుశెనక్కాయలు ఒలుస్తూ అడిగాడు. "పొగ లేని హైడ్రోజన్ కావాలంటే కరెంటెట్టి నీళ్ళలోంచి తీయాలన్నావు. బండెక్కాక దాన్నే మళ్ళీ కరెంటు చేసి నడుపుతారు. మధ్యలో ఈ గ్యాసెందుకురా?" నా దగ్గర జవాబుంది, పాడు అంకె కూడా ఉంది. కేజీ హైడ్రోజన్ తీయడానికి యాభై యూనిట్లకి పైగా కరెంటవుతుంది, దాన్ని కుదించి, చల్లబరచడానికి ఇంకొంత. ఆ కేజీతో మిరాయ్ డెబ్బై మైళ్ళు పోతే, అదే కరెంటు బ్యాటరీ కారుకి పోస్తే నూట ఎనభై మైళ్ళు పోతుంది. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. అది కూడా ఆ హైడ్రోజన్ నిజంగా నీళ్ళలోంచి తీసిందైతే. లోకంలో ఎక్కువ భాగం ఇప్పటికీ సహజవాయువు నుంచే తీస్తున్నారు. పెద్ద లారీలకి, బ్యాటరీ బరువు మోయలేని వాటికి ఇది పనికొస్తుందనేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో పస ఉందనే నా ఉద్దేశం. కానీ నేను లారీ కొనడం లేదు. ఇదంతా నాన్నకి చెప్పకుండా, "భవిష్యత్తు నాన్నా," అన్నాను. ఆయన పప్పులు నోట్లో వేసుకున్నాడు.

పదో రోజు మిత్రుడు వస్తున్నాడు. ఫుల్ ట్యాంకుతో ఇవ్వాలి. దగ్గరి బంకు మీద ఎర్ర చుక్క. పధ్నాలుగు మైళ్ళ అవతలిది ఆకుపచ్చగా ఉంటే వెళ్ళాం. వెళ్ళేసరికి ట్యాంకరు రాలేదని అట్ట కట్టి ఉంది. మూడోది అఖాతం అవతల. డంబార్టన్ వంతెన దాటాలి, 8 డాలర్ల టోలు. అక్కడ నాలుగు కేజీల నాలుగు వందల గ్రాములు పోయించి ఇంటికొచ్చేసరికి అరకేజీ తరుగు. ఫుల్ చేయించిన బండిని ఫుల్‌గా ఇంటికి తేవడం ఈ జన్మకి కుదరదని అప్పుడర్థమైంది.

నాన్న ఈ పది రోజులూ నా పాత డైరీలో ట్రిప్ షీటు రాస్తున్నాడని నాకు తెలియదు. ఆ రాత్రి భోజనాల దగ్గర తీసి చదివాడు. మొత్తం 487 మైళ్ళు. ఏడున్నర కేజీలు. 270 డాలర్లు. డెడ్ మైలేజీ 118.

"డెడ్ మైలేజీ ఏమిటి మామయ్యగారూ?" అంది మా ఆవిడ. నా షీటులో లేని వరస ఒకటి దొరికిందని ఆవిడ కళ్ళు మెరిశాయి.

"ప్యాసింజర్లు లేకుండా బండి ఊరికే తిరిగిందమ్మా. డిపో నుంచి బంకుకీ, బంకు నుంచి డిపోకీ. నాలుగో వంతు. ఇంత చూపిస్తే మా డిపో మేనేజరు నన్ను పూడిమడక సముద్రంలో కలిపేసేవోడు." కింద రిమార్కుల గడిలో ఆయన రాసింది కూడా చదివాడు. "బండి గుడ్. బంకు నిల్."

ఆ 118 తీసేసి మిగతా తిరుగుడు కొరోలాలో తిరిగితే యాభై రెండు డాలర్లయ్యేదని మా ఆవిడ లెక్క తేల్చింది. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అని అమ్మ మజ్జిగ పోసింది.

మర్నాడు మిత్రుడు వచ్చాడు. నెల్లూరు నుంచి మలైకాజా తెచ్చాడు. బండి ఎలా ఉందన్నాడు. బ్రహ్మాండం అన్నాను, అది నిజమే. అంత మెత్తగా, అంత నిశ్శబ్దంగా నడిచే బండి నేను ఎక్కలేదు. అతను గొంతు తగ్గించి, "నీకు కాబట్టి చెబుతున్నా. నా కంపెనీ కార్డు మార్చిలోనే అయిపోయింది. తొమ్మిదిన్నర వేలకి తీసేసుకో," అన్నాడు.

అప్పటికి గానీ ఆ తాళం నా చేతిలోకి ఎందుకొచ్చిందో నా బుర్రకెక్కలేదు.

అయినా ఒప్పుకుంటున్నాను, ఒక ఐదారు సెకన్లు నా నోటి వెంట కాదన్న మాట రాలేదు. తొమ్మిదిన్నర అంటే ప్రకటనలో కన్నా మూడు వేల నాలుగు వందలు తక్కువ. ఐదో వంతు ధర కన్నా తక్కువకి భవిష్యత్తు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ కాఫీ ట్రే పట్టుకుని వచ్చి, "చాలా మంచి బండి అన్నయ్యగారూ, మాకూ తీసుకోవాలనే ఉంది. గరాజులో చోటెక్కడుంది చెప్పండి?" అంది.

గరాజు తలుపు తెరిచే ఉంది. పుల్కాల యంత్రం, కొళాయి పెట్టె, సౌర పొయ్యి ముగ్గురూ అన్నదమ్ముల్లా గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాటిని చూసి మిత్రుడు ఇంకేమీ అనలేదు.

అతను బండెక్కి రివర్సు చేయబోతుంటే నాన్న చెయ్యెత్తి ఆపాడు. కరివేపాకు కుండీ రెండు చేతులా ఎత్తుకొచ్చి బండి వెనక సర్దుతున్నాడు.

"బాబూ, ఆ మీట ఒక్కపాలి నొక్కు."